పట్టుకు మాత్రమే చల్లగాలి

ఆ కుట్టు కార్ఖానాలో ఫ్యాన్లు లేవని ఎవరూ అనలేరు. బోలెడున్నాయి. తిరగవు, అంతే. కత్తిరింపు బల్ల మీద పరిచిన పల్చటి పట్టు ఎగిరిపోతుందని ఎండాకాలమంతా వాటిని ఆపే ఉంచుతారు. రేకుల కప్పు కింద మనుషులు ఉడికిపోతుంటే, కుట్టిన గౌన్లు మాత్రం చెమట మరక అంటకుండా పక్కనున్న ఏసీ గదిలో దర్జాగా వేలాడుతుంటాయి. అక్కది ఇస్త్రీ పని, చెల్లెలిది కత్తిరింపు. ఆ గది తలుపు చూసినప్పుడల్లా అక్క పళ్లు నూరేది. చెల్లెలు మాత్రం, "గౌనై పుట్టినా సుఖపడేవాళ్లమే అక్కా," అని నవ్వేసేది.

ఆ మధ్యాహ్నం చెల్లెలు నవ్వలేదు. కత్తెర చేతిలో ఉండగానే, ఎప్పుడో పోయిన నాయనమ్మను పిలిచి మంచినీళ్లు అడిగింది. అడుగుతూనే కుప్పకూలింది. అక్క పరుగున వచ్చి నుదురు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

"పొద్దున తినకుండా వచ్చుంటుంది. కాసేపు నీడలో కూర్చోబెట్టు," అన్నాడు సూపర్‌వైజర్, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఇదంతా నీడే కదా సార్. ఆ గది తాళం తియ్యండి."

"అందులోకి మనుషులు వెళ్లకూడదని తెలుసుగా. రేపు సరుకు పోవాలి."

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని బల్ల మీది తాళంచెవి తనే లాక్కుంది. "పిన్నీ, కాళ్లు పట్టు," అని పక్క మిషనావిడను కేకేసింది. ఇద్దరూ కలిసి చెల్లెల్ని లోపలికి మోశారు. ఇస్త్రీకి చల్లే నీళ్ల బకెట్టు ఆమె మీద కుమ్మరించింది అక్క. చేతికందిన గౌన్లన్నీ లాగి, తడిపి, మెడకూ చంకలకూ చుట్టింది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు.

"సరుకంతా నాశనం చేస్తున్నావు," సూపర్‌వైజర్ లబలబలాడాడు.

"గౌన్లయితే మళ్లీ కుట్టిస్తాను సార్. దీన్ని మీరు కుట్టిస్తారా?"

తడపకుండా ఉంటే దారిలోనే పోయేదని అంబులెన్సులో వచ్చిన నర్సు చెప్పింది.

చెల్లెలు కళ్లు తెరిచి, తన చేత్తో గ్లాసు పట్టుకుని నీళ్లు తాగాకే అక్క మళ్లీ పనిలోకి వచ్చింది. కార్ఖానాలో ఒక్కటే మార్పు కనిపించింది. ఏసీ గదికి ఇంకో తాళం పడింది. ఫ్యాన్లు ఎప్పటిలాగే ఆగి ఉన్నాయి.

అక్క నేరుగా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చులన్నీ వేసింది. బల్ల మీది పట్టు పొరలు పొరలుగా లేచి హాలంతా ఎగిరింది.

"పట్టుకోండి, పట్టుకోండి," అంటూ సూపర్‌వైజర్ ఒక్కడే దాని వెంట పరిగెత్తాడు. అంతమందిలో ఒక్కరూ కూర్చున్న చోటునుంచి లేవలేదు.