వన్స్ మోర్ అన్నప్పుడల్లా

తప్పులుంటే మన్నించాలి. మా ఆయన పోయాకే అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తుల దగ్గర ఇంకా చెయ్యి తిరగదు, ఆగి ఆగి రాస్తాను.

ఈ పొద్దున మా వసారా సాగింది. చివరి కుర్చీ రేపల్లె పొలిమేరలో ఉందట. కూర్చున్నవాళ్లంతా నా నాటకాలు చూసినవాళ్లే, ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకున్నారు. పొయ్యి మీది పప్పు దించి, చేతులు తుడుచుకుని బయటికి వస్తాను.

ముందు వరసలో అంకబాబు. నేను రాణి వేషం కట్టిన రోజుల నుంచీ అందరికంటే ముందు వన్స్ మోర్ కొట్టేది అతనే.

"అమ్మా, అడవిలో రాణి ఏడ్చే పద్యం అందుకోండి."

"ఈసారి వేరేది. నేనే అల్లాను. ఇందులో రాణి ఏడవదు. ఆకలేసి చెట్టెక్కి పళ్లు కోసుకుంటుంది."

"మరి మేమెక్కడ ఏడవాలమ్మా?"

న్యాయమైన ప్రశ్నే. పాతదే పాడతాను.

"వన్స్ మోర్" అంటారు. నా జుట్టు చెవుల దాకా నల్లబడుతుంది. మళ్లీ పాడతాను. మళ్లీ వన్స్ మోర్. ఊడిన పన్ను మొలుస్తుంది. గోడ మీద బొగ్గుతో రాసుకున్న నా కొత్త పద్యంలోంచి అక్షరాలు ఒక్కొక్కటే దిగి, గడప దాటి వెళ్లిపోతున్నాయి. వయసు వెనక్కి పోతోంది. చివర వచ్చినవి కాబట్టి ముందు అవే పోతున్నాయి.

ఇంకో వన్స్ మోర్‌కి హార్మోనియం వినిపిస్తుంది. మా ఆయన పూర్ణయ్యగారు చాప మీద కూర్చుని, బుగ్గన తమలపాకు పెట్టుకుని ఉన్నారు.

"ఏందే అట్టా చూస్తావ్? శ్రుతి అందుకో."

చెయ్యి పట్టుకుని చూస్తాను. వెచ్చగా ఉంది. ఇంకొక్కసారి పాడితే ఆయన ఉండిపోతారు. గోడ మీద మిగిలిన ఆఖరి పాదం అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

నేను కొత్త పద్యం ఎత్తుకుంటాను. హార్మోనియం ఆగుతుంది.

"ఇది నాకు రాదే."

"నేర్చుకోండి. ఈ వయసులో నేను నేర్చుకోలా?"

"నేను పోయిన కాడే నా వేళ్లూ ఆగిపోయినయ్యే."

"అయితే వినండి."

విన్నంతసేపు వింటారు. నా చేతిలో ఆయన చెయ్యి పలచబడుతుంది. తమలపాకు వాసన కాసేపు ఉండి, అదీ పోతుంది. నేను పాట ఆపను.

జుట్టు మళ్లీ తెల్లబడుతుంది. నా వయసు దగ్గర ఆగదు, ముందుకు పోతుంది. వసారా నిండి, మెట్లు దిగి, వీధి పొడుగునా పారుతుంది. అంకబాబు నోరు తెరుస్తాడు.

"ఇంకా అయిపోలేదు, ఉండు నాయనా."

తెల్లటి జుట్టు వాళ్ల మోకాళ్ల దాకా వచ్చింది. కొందరు రేపల్లె వైపు తిరిగిపోతారు. మిగిలినవాళ్లు కుర్చీలు నెత్తిన పెట్టుకుని, పంచెలు ఎగ్గట్టి నా వెనకే ఆ పారే జుట్టులోకి దిగుతారు.

"లోతెంతమ్మా?" అంకబాబు అడుగుతాడు.

"నాకేం తెలుసు? నేనూ ఇప్పుడేగా దిగింది."

అవతలి గట్టున నాకంటే ముసలిది ఒకతె, నా చీరే కట్టుకుని, చాపలు దులుపుతోంది.

గుండాబత్తుల సీతారావమ్మ. వయసు, ఇది మొదలుపెట్టినప్పుడు డెబ్బై ఒకటి, ఇప్పుడు తొంభై పైన. ఉండేది తెనాలి, ప్రస్తుతం నడుం లోతులో.