రాహుకాలం దాటాక తెరిచిన కవరు

నేను ఒక బరమాను. వడ్రంగి బరమా కాదు లెండి, పుర్రెకు కన్నం పెట్టే స్టీలు బరమాను. పంజాబులో ఓ చిన్న కార్ఖానాలో పుట్టి, రైలెక్కి సముద్రం పక్కనున్న ఈ పెద్దాసుపత్రికి వచ్చాను. ముసలివాళ్లకు ఎప్పుడో గడప తట్టుకుని పడి తలకు చిన్న దెబ్బ తగులుతుంది, మరిచిపోతారు. నెల తిరిగేసరికి పుర్రె కింద నెత్తురు చేరి మాట తడబడుతుంది, చెయ్యి పడిపోతుంది. డాక్టరు నా పిడి తిప్పితే నల్లటి నెత్తురు బయటికొచ్చేది, మర్నాడు మనిషి లేచి కాఫీ అడిగేవాడు. అబ్బ, ఏం రోజులవి! కరెంటు డ్రిల్లులు వచ్చాక కూడా హైమవతి డాక్టరమ్మ నన్నే పట్టుకునేది.

అయితే కొందరికి నెత్తురు మళ్లీ చేరేది. దానికి విరుగుడుగా ఓ సన్నని గొట్టం దిగింది. తొడ దగ్గర దూరి పైకి పాకి, పుర్రె లోపలి పొరకు నెత్తురు మోసే చిన్న ధమనిని జిగురుతో మూసేస్తుందట. నిజంగా పనిచేస్తుందా అని పరీక్ష పెట్టారు. సగం మందికి నేనొక్కదాన్నే, సగం మందికి నాతోపాటు గొట్టం. ఎవరికేదో చీటీలు రాసి వరుస నంబర్ల కవర్లలో పెట్టి అంటించారు; ఒప్పుకున్నవాళ్లకు ఆ వరుసలోనే తెరవాలి. నిన్నగాక మొన్న వచ్చిన గొట్టం నాకు పోటీయా అని ఒళ్లు మండిపోయింది.

ఒక శుక్రవారం ఎండుచేపలమ్మే పైడమ్మ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. "ఈ సెయ్యి లేకపోతే నానేటి సేసుకు బతకాలి డాక్టరమ్మా?" అని ఏడ్చింది. అంతా విని పరీక్షకు ఒప్పుకుంది. తీరా కవరు తెరవబోతుంటే, "ఆగమ్మా, రాహుకాలం ఎల్లనీ!" అని అడ్డుపడింది. డాక్టరమ్మ నవ్వి, అదే కవరు, పైడమ్మలాగే చెయ్యి పడిపోయి పరీక్షకు ఒప్పుకున్న పక్క మంచం మేస్టారికి తెరిచింది. గొట్టం! పన్నెండు దాటాక పైడమ్మకు తర్వాతి కవరు తెరిచారు. నేనొక్కదాన్నే. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇరవై రోజులకు ఆమెను మోసుకొచ్చారు. నెత్తురు మళ్లీ నిండింది, మాట కూడా పోయింది. ఈసారి నాతోపాటు గొట్టమూ వేయించారు. మాట తిరిగొచ్చింది గానీ చెయ్యి సగమే వచ్చింది.

ఇప్పుడు నేను పని మాని డాక్టరమ్మ గదిలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. పరీక్ష ఫలితం ఇంకా తేలలేదు. మొన్న పైడమ్మ చూపించుకోవడానికి వస్తే డాక్టరమ్మ ఉండబట్టలేక చెప్పేసింది: "ఆ రోజు ఆగకపోతే మేస్టారికొచ్చిన గొట్టం కవరు నీదే పైడమ్మా."

పైడమ్మ ఎడంచేత్తో కుడిచేతిని ఒళ్లోకి లాక్కుంది.

"ఆ మేస్టారి సెయ్యి బాగుందా?"

"బాగుంది. రాసుకుంటున్నారు."

"మరింకేటమ్మా! ఒకలికైనా దక్కింది."

లేచి చేపల గంప అందుకోబోయింది. కుడిచెయ్యి జారింది. "కాస్త ఎత్తమ్మా" అంది. డాక్టరమ్మ వంగి గంప ఆమె తలకెత్తింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ శుక్రవారం నేను గెలిచాననుకున్నాను.