డిక్కీలో వాసన

మహేంద్ర కారు షెడ్డు ముందు నుంచి కదిలి కాజీపల్లి రోడ్డెక్కింది. అది కనుమరుగయ్యాక కూడా సంగప్పకు కాలు నిలవలేదు. పానా తీసి గోడకు తగిలించాడు. మళ్ళీ తీసి బెంచీ మీద పెట్టాడు. ఎదురుగా ఎవరిదో మోటారు సైకిలు ఇంజను విప్పి ఉంది. దాని వైపు చూడబుద్ధి కాలేదు.

పోయినది మామూలు కారు కాదు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఎర్ర రంగు, నేలను రాసుకుంటూ పోయే ఎత్తు. ఎప్పుడో జపాను నుంచి దిగిన స్పోర్ట్స్ కారు. చేతులు మారి మారి, పుణెలో ఎవరి దగ్గరో ముసలిదై, చివరికి మహేంద్ర చేతికి వచ్చింది. మహేంద్ర తండ్రి వెంకటేశ్వరరావు కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. కొడుకు పటాన్‌చెరులో ఇంజనీరు. చిన్నప్పుడు గోడకు అంటించుకున్న బొమ్మ ఇన్నాళ్ళకు ఇంటి ముందుకొచ్చి నిలబడిందని అతని సంబరం. ఆ సంబరానికి ఒక్కటే కొరత. కార్లో కూర్చుంటే పెట్రోలు వాసన.

"ఒకరోజు రాదు, ఒకరోజు తల తిరిగిపోద్ది సంగప్పన్నా. ఇవాళైతే మరీను," అన్నాడు పొద్దున వచ్చి. "బొంతపల్లి వీరభద్రుడి దగ్గర పూజకి వెళ్తున్నా. అమ్మ ముందే ఆటోలో వెళ్ళిపోయింది. ట్యాంకు నిండా కొట్టించుకురమ్మంది, కొట్టించా. దేవుడి ముందుకి ఖాళీ బండితో పోకూడదట. దారిలో నీకు చూపించి పోదామని."

సంగప్ప బానెట్ లేపాడు. పైపులన్నీ వేళ్ళతో తడిమాడు. ఎక్కడా తడి లేదు. డిక్కీ తెరిచి, స్టెప్నీ తీసి, అడుగున పేరుకున్న దుమ్ము పాతగుడ్డతో తుడిచాడు. అక్కడా తడి లేదు. ఇంజను స్టార్టు చేయించి చెవి పెట్టాడు. చప్పుడులో వంక లేదు. ఇక మిగిలిన పని ఒకటే, ముక్కు పెట్టి చూడటం. అది సంగప్పకు చేతకాదు.

వయసులో ఉన్నప్పుడు మందుల కంపెనీలో డ్రమ్ములు ఒంపే పని చేశాడు. ముక్కు ఒక్కరోజులో పోలేదు. ముందు పూల వాసన పోయింది, తర్వాత కూర వాసన. ఒకనాడు పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా అన్నం మాడి బొగ్గయింది, అతనికి తెలియలేదు. ఆ సంగతి తెలిసింది అతని భార్య నర్సింహమ్మ ఒక్కదానికే. కంపెనీ విడిచి, మేనమామ షెడ్డులో పని నేర్చుకుని, సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కన్నూ చెవీ వేళ్ళూ ఉన్నాయి, వాటితోనే నెట్టుకొచ్చాడు. ముక్కు లేని మెకానిక్కు చేతిలో బండి ఎవడు పెడతాడని నోరు మాత్రం విప్పలేదు.

అందుకే పొద్దున మహేంద్ర "ఏమంటావన్నా?" అని అడిగినప్పుడు, ఈ మందుల కంపెనీల చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పే మాటే చెప్పాడు.

"కంపెనీ వాసన, సారు. మబ్బు పట్టింది కద, కిందికి దిగుతుంది. అద్దాలేసుకుని పోర్రి."

ఆ మాటకు ఇక్కడ ఎదురు ఉండదు. ఇంట్లో గ్యాసు కారినా, పక్కింట్లో ఎలుక చచ్చినా, ముందు తలుపులు మూసి కంపెనీని తిట్టుకుంటారు. తర్వాత గానీ పొయ్యి వైపు చూడరు. ఈ గాలిలోనే పుట్టి పెరిగిన మహేంద్ర కూడా "అంతేనంటావా" అని అద్దాలు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన కాసేపటికి నర్సింహమ్మ సద్ది గిన్నె పట్టుకుని వచ్చింది. షెడ్డులో అడుగు పెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా, పెట్రోలుతోని గిట్ల కడిగినవా ఏంది నేలను?"

"నేనేం కడగలే."

"మరి గీ కంపేంది?" అంటూ అటూ ఇటూ తిరిగి, బెంచీ మీది పాతగుడ్డను రెండు వేళ్ళతో ఎత్తింది. "గిదే. దీన్ని పెట్రోల్ల ముంచినవ్."

సంగప్ప గుడ్డ తీసుకుని అరచేతిలో నలిపాడు. పొడిగా ఉంది. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"డిక్కీ తుడిచిన గుడ్డ," అన్నాడు మెల్లగా. "పొడిగనే ఉన్నది కదనే."

"చేతికి పొడిగుంటది. నా ముక్కుతోని మాట్లాడుతుంది."

సంగప్ప గుడ్డను చూస్తూ ఉండిపోయాడు. బొంతపల్లిలో బండి పూజ ఎలా చేస్తారో అతనికి తెలుసు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. తర్వాత గుమ్మడికాయ మీద కర్పూరం ముట్టించి బండి చుట్టూ తిప్పుతారు. ముందు, పక్కలు, వెనక. వెనక డిక్కీ.

మహేంద్రకు ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"అన్నం తిను ముందు," అంది నర్సింహమ్మ.

"బండెక్కు."

"ఏడికి?"

"ఎక్కుమంటున్న. నీతోని పనున్నది."

సంగప్ప మోటారు సైకిలు ఎప్పుడూ అంత జోరుగా పోలేదు. లారీల సందుల్లోంచి దూరాడు. ట్యాంకరు ఒకటి దారి ఇవ్వకపోతే కంకర మీదకు దిగి మళ్ళీ ఎక్కాడు. వెనక నర్సింహమ్మ ఒక చేత్తో అతని చొక్కా, ఒక చేత్తో కొంగు పట్టుకుని, "ఏడికి తీస్కపోతున్నవ్, పాడె మీదికా?" అంది. సంగప్ప మెడ ముందుకు చాచి, ఎదురుగా దూరాన కనిపించే ప్రతి ఎర్ర రంగునూ చూస్తున్నాడు. ఎక్కడన్నా పొగ లేస్తే అటు చూస్తున్నాడు. ఆ దారిలో పొగ లేని చోటు ఏది గనక.

గుడి ముందు బండ్లు వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ఎర్ర కారు, మెడలో బంతిపూల దండతో. దాని వెనక కొత్త ట్రాక్టరు మీద ఐలన్న అనే రైతు కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. నిమ్మకాయలు పెట్టడం అయిపోయింది. మహేంద్ర తల్లి కమలాకుమారి చేతులు జోడించి నిలబడింది. పూజారి గుమ్మడికాయ ఎడమ చేతిలో పెట్టుకుని, దాని మీద కర్పూరం బిళ్ళలు పేర్చి, అగ్గిపుల్ల తీశాడు.

సంగప్ప బండిని పడేసినంత పని చేసి ఉరికాడు. పూజారి చేతిలోంచి అగ్గిపెట్టె గుంజుకున్నాడు.

"అయ్యగారు, అగ్గి పెట్టకుర్రి."

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు పూజారి, పుల్ల అలాగే పట్టుకుని.

"ఏవిటయ్యా ఇది," అంది కమలాకుమారి. "హారతి మధ్యలో ఆపుతారా ఎవరన్నా? శుభమా అని పూజ చేయించుకుంటుంటే."

"అమ్మా, జెర దూరం జరుగుర్రి. సారు, మీరు గూడ. డిక్కీల పెట్రోలున్నది."

మహేంద్ర ముఖం చిట్లించాడు. "పొద్దున కంపెనీ వాసనన్నావు కదా సంగప్పన్నా?"

"అన్న."

"మరి?"

సంగప్ప నేల చూశాడు. ట్రాక్టరు మీద ఐలన్న మెడ సాచి వింటున్నాడు. పూజారి వింటున్నాడు. పూలమ్మే ఆమె కూడా దండ గుచ్చడం ఆపింది.

"నాకు వాసన తెల్వది, సారు. శానేండ్లాయె."

పూజారి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అది పొద్దున చెప్పుంటే సరిపోయేది కదన్నా," అన్నాడు మహేంద్ర. గొంతు పెరగలేదు గానీ, మెత్తగానూ లేదు. "నేను మా అమ్మని ఎక్కించుకుని ఇంటికి పోదామనుకున్నా ఇందులో."

"చెప్తే బండి ఇస్తుర్రా?"

దానికి జవాబు కమలాకుమారి చెప్పింది.

"వీళ్ళ నాన్నా అంతేనయ్యా. ఫ్యాక్టరీలో సుత్తుల కింద చెవులు పోయాయి. చెప్తేగా? నేనేదో అంటే ఆయనేదో అనేవాడు. కావాలనే చేస్తున్నాడనుకుని సగం కాపరం కొట్లాడాను." అని, కొడుకు వైపు తిరిగి, "ముందు ఆ పెట్రోలు సంగతి చూడనివ్వరా," అంది.

"మా ముహూర్తం పోతది, అన్నా," అన్నాడు ఐలన్న పైనుంచి.

"నీ ట్రాక్టరు వెనకకు తీయి. ముహూర్తం గాదు, మూతి గాలుతది," అంది నర్సింహమ్మ. ఐలన్న ట్రాక్టరును గేటు దాకా వెనక్కి తీశాడు.

సంగప్ప బ్యాటరీ వైరు ఊడదీశాడు. డిక్కీ తెరిచి, పక్క అట్టను క్లిప్పుల దగ్గర నుంచి వదులు చేసి లాగేశాడు. ఈ కారుకు ట్యాంకు సీట్ల వెనక ఉంటుంది. పెట్రోలు పోసే మూత నుంచి ట్యాంకు దాకా ఒక లావుపాటి రబ్బరు గొట్టం, దాని పక్కన గాలి పోయే సన్నది ఇంకొకటి, కింద ట్యాంకు అతుకు. మూడూ కంటికి బాగానే ఉన్నాయి. చొక్కా జేబులోని కొత్త గుడ్డను చింపి ఒక్కోదానికి ఒక్కో పేలిక చుట్టాడు. బంపరు మీద చేతులు పెట్టి కారును కిందికి పైకి ఊపాడు, గతుకుల రోడ్డు మీద ఊగినట్టు. ట్యాంకులో పెట్రోలు గుడగుడలాడటం వినిపించింది. చెవులు బాగానే ఉన్నాయి మరి.

ఆ పూట గాలి నర్సాపూర్ అడవి దిక్కు నుంచి వీస్తోంది, కంపెనీల కంపు లేదు. నర్సింహమ్మ పేలికలు ఒక్కొక్కటే పట్టుకుని, సాంబ్రాణి పొగకూ పూల బుట్టలకూ దూరంగా పోయి నిలబడింది. సంగప్ప ఆమె ముఖమే చూస్తున్నాడు. ఆమె కనుబొమ్మ కదిలితే అతని చెయ్యి కదులుతుంది.

"గిదేం లేదు," అంటూ సన్న గొట్టం పేలిక పడేసింది. ట్యాంకు అతుకుది రెండుసార్లు చూసింది. "దీనికి జెర ఉన్నది. పైనుంచి వచ్చినట్టున్నది." లావు గొట్టం పేలిక ముక్కు దాకా కూడా పోలేదు. దూరం నుంచే తల తిప్పుకుంది. "గిదే. నాకు కక్కొస్తుంది."

సంగప్ప చెయ్యి లోపలికి పోనిచ్చి, లావు గొట్టం అడుగు భాగాన్ని, కంటికి కనబడని వైపును, గోటితో గీశాడు. ఎండాకాలపు మడమలా పగుళ్ళు తగిలాయి. అడుగంతా పిండిలా మెత్తబడి ఉంది.

"ట్యాంకు నిండితేనే కారుతది, సారు. మలుపు తిరిగితే పెట్రోలు గీడి దాక వస్తది, పగుళ్ళల్ల నుంచి ఊరుతది. అట్ట చాటుకున్న బొంత పీల్చుకుంటది. అందుకే తడి అగుపించలే. సగముంటే వాసనే రాదు. ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ఆగుతలేదు."

మహేంద్ర వంగి చూశాడు. అడుగునున్న బొంతను వేలితో తాకి వెంటనే తీసేశాడు. "ఇదా నేనింతకాలం..." అంటూ వేలు మట్టికి రుద్దుకున్నాడు.

నర్సింహమ్మ ఆ బొంతను లాగి దూరంగా మట్టిలో పరిచింది. సంగప్ప పైపు వేసి ట్యాంకులో పెట్రోలు తగ్గించాడు. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన డబ్బాలు నిండాయి. ఐలన్నతో వచ్చిన అతని బామ్మర్ది మోటారు సైకిల్లో కొంత పోశారు, సంగప్ప బండిలో కొంత. డిక్కీ, తలుపులు, టాపు అన్నీ తెరిచి పెట్టారు. పూజారి కర్పూరం లేకుండానే కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఐలన్నను పిలిచాడు.

"టోయింగ్ పిలవనా?" అన్నాడు మహేంద్ర. ఎవరిని అడుగుతున్నాడో తెలియనట్టు అడిగాడు.

"పిలువుర్రి సారు. గదే మంచిది."

మహేంద్ర ఫోను తీశాడు. ఆదివారం, సాయంత్రం దాకా బండి దొరకదన్నారు. ఫోను జేబులో పెట్టుకుని కారు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

నర్సింహమ్మ అప్పటికే డిక్కీలో తల పెట్టి వాసన చూస్తోంది. సీట్ల కింద చూసింది. లేచి నిలబడింది. "పోయింది. ఇగ నడుపొచ్చు."

సంగప్ప చెయ్యి చాచాడు. "తాళం నాకియ్యుర్రి సారు. నేను షెడ్డుకు తెస్త. మీరు, అమ్మ నా బండి మీద వెనక రార్రి. దగ్గరికి రావద్దు."

"నువ్వొక్కడివి ఎట్లా? నీకు తెలీదు కదా."

"నేను గూసుంట," అంది నర్సింహమ్మ, తలుపు తీసి. కూర్చోబోయి సీటు ఎక్కడో కిందుండటంతో ధబాలున పడ్డట్టు కూర్చుంది. "గిదేం కారయ్యా. బాయిల దిగినట్టున్నది."

సంగప్ప బ్యాటరీ వైరు బిగించి, అందరినీ జరగమని, ఆమెను ఇంకోసారి అడిగి, స్టార్టు చేశాడు. ఇంజను మెత్తగా అందుకుంది.

టాపు లేని ఎర్ర కారులో నూనె మరకల చొక్కాతో సంగప్ప, పక్కన కొంగు నడుముకు చుట్టుకుని నర్సింహమ్మ. వెనక చాలా దూరంలో, సైలెన్సరు మోత పెట్టే సంగప్ప బండి మీద మహేంద్ర, పట్టుచీరలో అతని తల్లి. దారిన పోయే షిఫ్టు బస్సుల్లోంచి జనం తలలు బయట పెట్టి చూశారు.

ప్రతి గతుకుకూ సంగప్ప అడిగాడు. "వస్తుందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదంటున్న గద. రోడ్డు చూడు."

"జెర వెనక్కి తిరిగి చూడు."

ఆమె సీటు మీద మోకాళ్ళు పెట్టి వెనక్కి వంగి చూసి వచ్చింది. "లేదయ్యా." అతని చేతులు స్టీరింగు మీద తడిగా ఉన్నాయి. ఇంతటి కారును మళ్ళీ ఎప్పుడు నడుపుతాడో తెలియదు, అయినా నడిపిన సుఖమేమీ లేదు.

కంపెనీల గోడలు మొదలైన చోట నర్సింహమ్మ ఒక్కసారిగా కొంగు ముక్కుకు పెట్టుకుంది. సంగప్ప కాలు బ్రేకు మీదికి పోయింది.

"వచ్చిందా?"

ఆమె కొంగు తీసి పీల్చింది. మళ్ళీ పీల్చింది. తల అటూ ఇటూ తిప్పింది. "ఏమో. పొగగొట్టాలది వస్తుంది. దాంట్ల ఇదున్నదో లేదో నాకు తెలుస్తలేదు."

సంగప్ప వెంటనే తాళం తిప్పేశాడు. కారు చప్పుడు లేకుండా జారి రోడ్డు అంచున ఆగింది. దిగి, బ్యాటరీ వైరు మళ్ళీ ఊడదీశాడు. షెడ్డు ఇంకా చాలా దూరం ఉంది.

మహేంద్ర బండి ఆపి, దూరం నుంచే "ఏమైంది?" అని అరిచాడు.

"ఏం గాలే. ఇక్కడికెల్లి ఆమెకు తెలుస్తలేదంట. నూకుకుంట పోదాం."

సంగప్ప స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని తలుపు దగ్గర భుజం పెట్టాడు. మహేంద్ర కాసేపు నిలబడి చూసి, సంగప్ప బండికి స్టాండు వేసి, చొక్కా చేతులు మడిచి వెనక నుంచి తోశాడు. లారీలు హారన్లు కొడుతూ పక్క నుంచి తప్పుకుని పోతున్నాయి. కమలాకుమారి చెప్పులు చేత పట్టుకుని, నర్సింహమ్మ పక్కన నడుస్తూ, "అయితే మీ ఆయనకి కూరలో ఉప్పు తెలుస్తుందా అమ్మాయ్?" అని అడిగింది.

"ఉప్పు తెలుస్తదమ్మా," అంది నర్సింహమ్మ. "గది ఒక్కటి తక్కువైతే మాత్రం ఊకోడు."