స్కేలుగాడి వైపు పది సిగార్లు

అయినా బూడిద ఇంత పొడుగొచ్చినా రాలకుండా నిలబడిందంటే ఆకు బాగా ముదిరినట్టే, ఫొటో తీసి సిగార్లోళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే ఈపాటికి నలభై మంది సూపర్ అంకుల్ అని కొట్టేవాళ్లు, మీ ఓపికకి దండం అంకుల్, ఎనిమిదేళ్లు ఎలా ఆగారు అంకుల్, ఆగాను నాయనా, చిటికెనవేలంత సిగార్ కోసం ఎనిమిదేళ్లు ఆగాను, కానీ ఫోన్ బల్ల మీద బోర్లా పడి ఉంది, తియ్యబుద్ధి కావట్లేదు, సాయంత్రం నాలుగున్నరైంది, ఎండ కిటికీలోంచి ఎదురు కుర్చీ దాకా వచ్చింది, ఆ కుర్చీని పొద్దున్నే తడిగుడ్డతో తుడిచాను, ఎవరైనా చూస్తే చుట్టాలొస్తున్నారా అని అడుగుతారు, ఎవరు చూస్తార్లే, ఒంటికాయ శొంఠికొమ్ముగాడి కొంప, పెళ్లి చేసుకుని ఉంటే పొగ మానెయ్యమనేది, మానెయ్యమనడానికైనా ఒక మనిషి ఉండేది కదా అన్నయ్యా అని స్కేలుగాడి పెళ్లాం నవ్వేది, ఆదివారమైతే చాలు నాకూ ఓ కంచం పెట్టేసేది, అడిగేది కాదు, వాళ్ల పిల్ల మావయ్యా నా లెక్క తప్పిందంటూ నోట్సు పట్టుకుని ఒళ్లో కూలబడేది, నేను ఎనిమిదితో బడి మానేసినోణ్ని, తల గోక్కుంటుంటే స్కేలుగాడు పడీపడీ నవ్వేవాడు.

స్కేలుగాడంటే మా ప్రెస్సులో కాగితం కోసేవాడు, నేను అచ్చు మిషన్ మీద, వాడు కటింగ్ మిషన్ మీద, ఇరవై రెండేళ్లు పక్కపక్కనే, జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు, గ్లాసులో టీ ఎంత పోశారో కూడా దాంతోనే కొలిచేవాడు, పాతబడేకొద్దీ రుచొస్తుందని ఈ సిగార్ల పెట్టె ఇద్దరం కలిసి తెచ్చుకున్న రోజునే గొడవ మొదలైంది, ఇరవై సిగార్లు, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు, కవరు తీసెయ్యాలిరా, ఆకు ఊపిరి పీల్చుకోవాలి, కాగితం కట్ట విప్పి గాలాడనివ్వమూ అంటాడు వాడు, ఒరేయ్ విప్పితే కాగితం మూలలు లేస్తాయి, నా మిషన్లో ఇరుక్కుంటే నువ్వొచ్చి లాగుతావా, కవరుంచాల్సిందే అంటాను నేను, కాగితం గురించి తెలిసినంత మాత్రాన సిగార్ గురించి తెలిసిపోయినట్టే ఇద్దరికీ, చివరికి వాడు అట్టముక్క కొలిచి కోసి పెట్టె మధ్యలో అడ్డం నిలబెట్టాడు, నా వైపు పది కవర్లతో, వాడి వైపు పది ఉత్తవి, సరిగ్గా ఎనిమిదేళ్లకి, ఇదే తారీఖున, ఈ గదిలోనే, కళ్లకి గుడ్డ కట్టుకుని ఇద్దరం రెండూ తాగి చూడాలి, ఓడినోడు గెలిచినోడి ముందు నిలబడి గురువుగారూ అనాలి, అదీ ఒప్పందం, ఆ తారీఖు ఇవాళే, పెట్టె నా దగ్గరే ఉంది కాబట్టి నెలకోసారి పైవి కిందకీ కిందవి పైకీ మార్చాను, ఆకు ఎండిపోకుండా పెట్టెలో పెట్టిన స్పాంజి తడిపాను, ఒక్క నెల తప్పలేదు, వాడు మాత్రం రాలేదు.

వస్తాడా, మూడేళ్లయింది వాడు మాట్లాడి, గ్రూపులో ఎవరో కొత్తాయన కవరు ఉంచాలా తియ్యాలా అని అడిగితే తీసెయ్యండి బాబూ అని వాడు పెట్టాడు, నేను ఊరుకోవచ్చుగా, ఏడో తరగతి తప్పినోడి మాట వినకండి, కాగితాలు కోసుకునేవాడికి సిగార్లేం తెలుసు అని రాసేశాను, అరవై నవ్వు బొమ్మలు పడ్డాయి, ఒక్కోటీ పడుతుంటే ఎంత సంబరపడ్డానో, ఇంతలో వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు, నెల తిరక్కుండా వేరే ప్రెస్సుకి మారాడు, అలిగాడండీ, ఆమాత్రం సరదా తీసుకోలేడు, చిన్నపిల్లాడి మనస్తత్వం అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకు తిరిగాను, మొన్నామధ్య మందుల షాపులో వాడి పెళ్లాం కనపడి అన్నయ్యా చిక్కిపోయారేంటి అంది, ఇంకా అన్నయ్యే, స్కేలుగాడికి నా మీద కోపం తగ్గలేదా అమ్మా అన్నాను, కోపమెక్కడిది అన్నయ్యా, ఆ రోజు మీరు పెట్టింది పిల్ల చదివేసింది, నాన్నా నువ్వు ఏడు తప్పావా అని అడిగింది, ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు, అంతే, కోపం లేదు అంది, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మందులు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

ఈ దమ్ము బాగుంది, ఎండు ద్రాక్ష తిన్నట్టు తియ్యగా, వెనకాల పాత చెక్క వాసన, గొంతులో గరుకే లేదు, ఇది వాడి వైపుది, ఉత్తది, నాది కవరుది మధ్యాహ్నమే కాల్చాను, బాగానే ఉంది, కానీ దీని ముందు ఎందుకూ పనికిరాదు, వాడే గెలిచాడు, ఇవాళే తెలిసింది, ఇవాళే ఏంటి, ఎవరితో చెప్తున్నాను ఈ అబద్ధం, గదిలో నేను తప్ప ఎవరున్నారని, వాడి వైపు తొమ్మిదే ఉన్నాయి కదా పొద్దున పెట్టె తెరిస్తే, రెండేళ్ల క్రితం ఒకటి తీసుకుని, ఇల్లంతా ఖాళీగా ఉన్నా కూడా, బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని స్టూలు మీద కూర్చుని కాల్చింది ఎవరు, మొదటి దమ్ముకే తెలిసిపోయింది వాడి మాటే నిజమని, మిగిలినవాటిని దూరందూరంగా జరిపి ఖాళీ కనపడకుండా సర్దాను, ఎవరి కంట పడకుండానో, మర్నాడు గ్రూపులో తొందర పడకూడదు తమ్ముళ్లూ ఇంకా రెండేళ్లుంది అని రాశాను, దండాలు పెట్టించుకున్నాను, ఆ రోజే వెళ్లి వాడి గుమ్మంలో నిలబడి గురువుగారూ అంటే ఒంట్లో ఏం అరిగిపోయేది, పిల్ల వినేలా అంటే ఇంకా బాగుండేది, మా నాన్నకి తెలుసు అనుకునేది, అది కాక ఈ రెండేళ్లూ నేను ఆగింది దేనికి, సిగార్ ఎప్పుడో ముదిరిపోయింది, వాడు అలిగాడు అలిగాడు అని ఊరంతా చెప్పాను గాని వాడెక్కడ అలిగాడు, మనసు విరిగి పక్కకి పోయాడు, వాడి మాట నిజమైనందుకు మూతి ముడుచుకుని ఇంట్లో కూర్చున్నది నేను, అలిగింది నేనే.