కాలి కోసం ఒక్కపొద్దు

పునీతకు ఎడమకాలు చిన్నతనంలోనే పోలియోతో పడిపోయింది. అప్పుడే వాళ్ళమ్మ వెంకమ్మ తిరుపతి కొండకేసి తిరిగి దండం పెట్టుకుని, బిడ్డకు కాలు వచ్చేదాకా ఇద్దరమూ శనివారం ఒక్కపొద్దు ఉంటామని మొక్కేసింది. మొక్కింది తల్లి, పస్తు మాత్రం ఇద్దరికీ. సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్ళు, కాఫీ తప్ప పండుముక్క కూడా ముట్టకూడదు. కాలు రాలేదు. చదువు వచ్చింది, సింగపూరులో పరిశోధన ఉద్యోగం వచ్చింది, తల్లీకూతుళ్ళు ఉండడానికి హౌగాంగ్‌లో ఫ్లాటు వచ్చింది. శనివారాలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి.

ఆ పునీతకు ఈ ఏడు ఒక పట్టుదల పుట్టింది. విమానాన్ని అలలాగా పైకి లేపి కిందికి వంచితే లోపలున్నవాళ్ళకు కాసేపు బరువు ఉండదు. అట్లాంటి విమానం ఒకటి సరదాకు ఎక్కేవాళ్ళ కోసం కొన్నాళ్ళపాటు సింగపూరుకు వచ్చింది. బరువే లేని చోట తన కాలు ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలనుకుంది. ఆ విమానం కంపెనీ డాక్టరు ఆమె కాలికున్న ఇనుపకడ్డీల క్యాలిపర్ చూసి వద్దన్నాడు. వేరే డాక్టరు దగ్గర రాయించుకొచ్చినా వద్దన్నాడు. పునీత అక్కడికక్కడే క్యాలిపర్ విప్పేసి, చేతుల మీద గదంతా పాకి చూపించి, ఇప్పుడు చెప్పమంది. ఆయన సరేనన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. వాంతులు మొదలైతే వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు వేసేస్తారు, ఇక దిగేదాకా లేవనియ్యరు.

శుక్రవారం పోవాల్సిన విమానం వానకు ఆగి శనివారానికి మారింది. తేలికగా ఏదైనా తిని రమ్మని కంపెనీవాళ్ళు చెప్పారు. కడుపులో ఏమీ లేకపోతే కక్కడానికేముంటుందని పునీత లెక్క వేసుకుంది. ఒక్కపొద్దు భలే కలిసొచ్చిందనుకుని కాఫీ తాగి బయలుదేరింది.

విమానాశ్రయంలో ప్రయాణికులను చూసుకునేవాడు తరుణ్. మలేసియాలోని జొహోర్‌లో పుట్టిన తెలుగువాడు, వుడ్‌ల్యాండ్స్‌లో కాపురం. ఆమె పేరు చూసి, మలయ్ మాటలు కలిసిన తన తెలుగులోకి దిగాడు.

"మకాన్ అయిందా అక్కా, ఏమన్నా తిన్నావా?"

తినలేదంది, శనివారం ఒక్కపొద్దంది. తమ అవ్వ కూడా ఉండేదని తరుణ్ నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేసి, ఖాళీ కడుపుతో ఎక్కినవాళ్ళే అందరికన్నా ముందు పసరు కక్కుతారని, వెనక సీటుకు పోయేదీ వాళ్ళేనని చెప్పాడు.

"డాక్టరు అడుగుతాడు. తిన్నానని చెప్తే అతనికి తెలీదు లా. నీ కడుపుకు తెలుసు."

బ్రెడ్డు ముక్కలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పునీత వాటిని పట్టుకునే తల్లికి ఫోను చేసి, తినకపోతే పని చెడేట్టుందని చెప్పింది. వెంకమ్మ వెంటనే దారి చెప్పింది.

"మొక్కింది నేను. నీ వంతు గూడా నేనుంటా, రాత్రికీ తినను. నువ్వు తినేసెయ్ మే."

"నిన్ను పస్తు పెట్టి నేను గాల్లో ఎగరాల్నా? దేనికి మొక్కినావు నువ్వు?"

"కాలికి."

"నేను పోతాండేదీ కాలికే."

ఫోను పెట్టేసి బ్రెడ్డంతా తినేసింది.

విమానంలో వెనక వరస తప్ప సీట్లన్నీ తీసేసి నేలంతా మెత్తలు పరిచారు. క్యాలిపర్ తరుణ్ చేతికిచ్చి పునీత వెల్లకిలా పడుకుంది. విమానం ముక్కు పైకెత్తేసరికి ఒళ్ళు రెండింతలు బరువెక్కింది. బుగ్గలు చెవులవైపు జారాయి. ఎడమకాలు బండరాయిలా నేలకు అతుక్కుంది. నోట్లో నీళ్ళూరాయి. తల తిప్పకుండా పైకప్పులోని ఒక్క మరమేకునే చూస్తూ పళ్ళు బిగబట్టింది.

ఎవరో మీదనుంచి దుప్పటి లాగేసినట్టు బరువు పోయింది.

పక్కనున్న మగవాళ్ళు కాళ్ళు తన్నుకుంటూ ఒకరిమీద ఒకరు పడ్డారు. పునీతకు ఆ అలవాటే లేదు. గోడకున్న తాడును వేళ్ళతో తాకి మెల్లగా పైకి జరిగింది, అప్పుడు తన కాళ్ళకేసి చూసుకుంది. కుడికాలి పక్కన ఎడమకాలు, అంతే ఎత్తులో ఉంది. సన్నగానే ఉంది గానీ వేలాడడం లేదు. దాన్ని ఎవరూ ఎత్తిపట్టుకోలేదు.

విమానం ఎన్నిసార్లు వంగితే అన్నిసార్లూ ఆ కాలినే చూసుకుంది. చివర్లో కడుపు తిప్పింది. గొంతుదాకా వచ్చినదాన్ని మింగేసింది. వెనక సీటు ఖాళీగానే ఉండిపోయింది.

దిగాక, క్యాలిపర్ కట్టుకోకముందే ఫోను చేసింది.

"అమ్మా, కాలు వచ్చింది. రెండూ సమంగా లేచినాయి. మొక్కు తీరింది, అన్నం తిను."

"ఎంతసేపు వచ్చింది?"

"కాసేపే. పోయి, మళ్ళీ మళ్ళీ వచ్చింది."

వెంకమ్మ ఆలోచించింది. సామితో బేరమాడడం ఆమెకు కొత్త కాదు.

"కాసేపే గదా. అయితే అరటిపండు తింటా. అన్నం దీపం పెట్టినాకే."

"వచ్చే శనివారం పొద్దున్నే ఇద్దరం ఇడ్లీ తింటాం. సామికి నేను చెప్పుకుంటా."

పునీత ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కాలికి పట్టీలు బిగించుకుంది. అవతల నమిలే చప్పుడు వినబడేదాకా ఫోను పెట్టలేదు.