రెండో చెయ్యి

నాగవేణి నాలుగో మంచం కింద తుడుపు ముగించేసరికే తిరుమలయ్య రంగుల క్యూబును పొట్టమీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె బకెట్ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే మంచం కాళ్ళ వైపు వచ్చి నిలబడింది. తుడిచేవాళ్ళు దిండు దగ్గరికి పోకూడదని సిస్టరమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది.

తిరుమలయ్య ఎడమచేతికి రెండు సూదులు. ఆ చెయ్యి నాలుగు గంటలు కదలకూడదు. చిత్తూరులోని ఆ డయాలసిస్ గదిలో పడుకున్న అయిదుగురిదీ అదే తీరు. రక్తం యంత్రంలోకి వెళ్ళి శుభ్రమై వచ్చేదాకా అందరూ ఒంటిచేతి మనుషులే. పూతలపట్టులో ముప్పై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసిన ఈయన చేతులకు మాత్రం ఊరుకోవడం తెలియదు. క్యూబు తిప్పాలంటే పట్టుకునే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి నాగవేణిది అయింది. ఆమె పట్టుకుంటే ఆయన తిప్పుతాడు. ఇద్దరూ కలిస్తే రెండు నిమిషాల్లో ఆరు వైపులా ఆరు రంగులూ కుదిరిపోతాయి. పక్క మంచం సుబ్బులమ్మ కూడా నాగవేణి పట్టుకుంటే, ఆయన చెప్పిన తిప్పుళ్ళతో ఒక వైపు తెల్లరంగు తెచ్చేసి ఊరంతా చాటుకుంది.

నాగవేణికి నలభై నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయింది. కుట్టుపని నేర్చుకుంటుంటే అత్తకు జబ్బుచేసి అదీ ఆగిపోయింది. కృష్ణగిరికి లారీ తోలుకుపోయిన మొగుడు వెనక్కి రాలేదు. ఆమె బతుకులో ఏదీ చివరిదాకా వెళ్ళిన పాపాన పోలేదు. అందుకే ఆమెకొక కోరిక పుట్టింది. ఒక్కసారి, ఇంకొకరి చెయ్యి లేకుండా, తన రెండు చేతులతోనే ఆ క్యూబును పూర్తిచేయాలి. ఫోనులో వీడియోలు చూసింది గానీ ఆ వేగమూ, ఆ ఇంగ్లీషు అక్షరాలూ తలకెక్కలేదు. తిరుమలయ్య మాటలు మాత్రం ఎక్కేవి. కుడి పైకి, మీద ఎడమకి, కుడి కిందికి. గ్లౌజుల డబ్బాలు చింపి, ఆ అట్టముక్కల మీద ఇలా ఏడు వరసలు రాసుకుంది. ఇక చివరిదొక్కటే మిగిలింది.

అది తొందరగా రాసుకోవాలని ఆమె ఆత్రం. పోయిన నెలలో రెండుసార్లు ఆయనకు బీపీ పడిపోయింది.

ఆ పొద్దున టీ వేళకు ఆయన దగ్గర క్యూబు అడిగి తెచ్చుకుని, స్టోరు గదిలో కూర్చుని ఏడు అట్టలూ ముందు పరుచుకుని తిప్పి చూసింది. ఏ రంగూ కుదరలేదు. మళ్ళీ తిప్పితే ఇంకా చెదిరింది. సిగ్గుపడుతూనే ఇప్పుడా అట్టలు తెచ్చి ఆయనకు చూపించింది.

తిరుమలయ్య చదివి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఇదేంది మ్మా! కొన్ని నా పక్కనించి ఉండాయి, కొన్ని నీ పక్కనించి ఉండాయి. ఎదురుగా నిలబడితే నా కుడి నీకు ఎడమ గదా!"

నాగవేణి ముఖం వాడిపోయింది. విన్నవి విన్నట్టు, చూసినవి చూసినట్టు రాసేసింది. "యాది యే పక్కదో నాకే తెల్దు పెద్దాయనా."

"పోనీలే. సోమవారం మొదట్నించీ రాసుకుందాం. కడాది, ఆ ఎనిమిదోది మాత్రం ఈపొద్దే సూడు. నా దిండు పక్కకి రా, నా కండ్లతో సూసినట్టుంటాది."

సిస్టరమ్మ టేబులు దగ్గర లేదు. నాగవేణి మొదటిసారి దిండు దగ్గరికి వెళ్ళి, ఆయన వైపు నుంచి క్యూబును పట్టుకుంది. నాలుగు మూలలు తప్ప అన్నీ కుదిర్చాక ఆయన చెప్పాడు.

"కుడి కిందికి, అడుగు ఎడమకి, కుడి పైకి, అడుగు కుడికి. మూల సరిగ్గా కూసునేదాకా ఈ నాలుగే మళ్ళీ మళ్ళీ. నడమ అంతా సెడిపోయినట్టే కనపడతాది. భయపడి ఆపినావంటే మొదట్నించే."

ఒక మూల కుదిరింది. మిగతా రంగులు నిజంగానే చెదిరిపోయాయి. ఆమె రెప్ప వేయకుండా క్యూబునే చూస్తోంది. ఆయన రెండో మూల మొదలుపెట్టాడు. కుడి కిందికి. అడుగు ఎడమకి. కుడి పైకి. అక్కడ వేళ్ళు ఆగాయి.

"అడుగు కుడికి గదా పెద్దాయనా?" అంది నాగవేణి, తెలిసిపోయిందన్న సంతోషంతో.

యంత్రం కూసింది. టెక్నీషియన్ కిరణ్ పరుగెత్తుకొచ్చి ఆమెను పక్కకు నెట్టాడు. కాళ్ళు పైకెత్తారు, సెలైన్ వదిలారు, డాక్టరు వచ్చాడు. అరగంటలో దుప్పటి ముఖం మీదికి వచ్చింది.

దిండు పక్కన ఆమె చూపంతా క్యూబు మీదే ఉంది; ఎప్పటిలా కాళ్ళ వైపు ఎదురుగా నిలబడి ఉంటే ఆ ముఖానికి పట్టిన చెమట కనబడేది. ఇన్నాళ్ళూ అక్కడే నిలబడింది, ఈరోజే నిలబడలేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మనిషీ లేడు.

బయట బెంచీ మీద కూర్చున్న భార్య చంద్రకాంతమ్మ వచ్చి, చెప్పులూ టిఫిను సంచీ తీసుకుంది. నాగవేణి క్యూబును అందించబోయింది.

"దాన్నేం జేసుకునేది మ్మా. నువ్వే పెట్టుకో."

మూడు గంటలకు ఆ మంచానికి ఇంకొకరు రావాలి. నాగవేణి దుప్పటి మార్చింది, కింద తుడిచింది, ఏడు అట్టముక్కలనూ చెత్తసంచిలో వేసింది. ఏడుపు వచ్చింది గానీ బకెట్లో నీళ్ళు మార్చే వేళకు ఆగిపోయింది. పోయేముందు క్యూబును చేతిలోకి తీసుకుంది. అడుగు కుడికి తిప్పాలని తెలుసు. మూలలన్నీ కూర్చున్నాక ఈ చెదిరిన రంగులు ఎలా కుదురుతాయో ఆయన చెప్పలేదు. తిప్పకుండానే కిటికీ గట్టు మీద పెట్టేసింది.

ఒక్క మూల మాత్రం సరిగ్గా కూర్చుని, తక్కిన రంగులన్నీ చెదిరిపోయి, ఆ క్యూబు అక్కడే ఉండిపోయింది.