ఉప్పునీళ్ళు చల్లే మనిషి

ఎవరూ చల్లలేదేంటి, అనుకున్నాను, అరటికాయ మొత్తం మూకుట్లోకి కోసేశాక, పసుపు కలిపిన ఉప్పునీళ్ళు పక్కన గిన్నెలో చెంచాతో సహా అలాగే ఉన్నాయి, చల్లడానికి ఎవరున్నారు నా మొహం, ఇరవై రెండేళ్ళు కొయ్యడం నేను, చల్లడం నా తోటికోడలు సౌభాగ్యం, నూనె చుయ్యిమని లేస్తుంటే అక్కా జరుగు, చెయ్యి కాలుద్ది అనేది, నేను జరిగేదాన్ని కాదు, పెద్దకోడల్ని కదా మరి, ఇప్పుడది గోడవతల ఉంది, ఎనిమిది నెలలైంది, కాలవ నీళ్ళ వంతు పూర్తికాకుండానే తూము మూశావని మావారు, మూయలేదని మరిది లోకనాథ్, చేలోనే అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు, నెల తిరక్కుండా ఇంటి మధ్య గోడ లేచింది, మమ్మల్నెవరడిగారు, పోనీ మేమైనా నోరు విప్పామా అంటే అదీ లేదు, చిన్నది, అదే ముందు పలకరించాలని నేను భీష్మించుకు కూర్చున్నాను.

మొదటి వాయ చప్పిడి, రెండో వాయకి నేనే చల్లాను, ఛీ, ఉప్పుకషాయం, మా ఊరు జవళగేర క్యాంపంతా రత్నమ్మగారి చిప్స్ అంటారు, రత్నమ్మగారికి ఉప్పెంతో తెలీదు, పొరుగింటి జయాబాయి పెరట్లో గెల దిగితే ఎప్పుడూ మా ఇంటికే ఇచ్చేది, ఈసారి రెండు ముక్కలు చేసి రెండిళ్ళకీ ఇచ్చింది, ఇదుగో ఇప్పుడామే కంచంతో వచ్చింది, రత్నక్కా, సౌభాగ్య చేసింది, తిని చూడు, రేపు సిరవారకి పోతున్నరంట, సామానుకి ట్రాక్టర్ ఒస్తదంట, అని కంచం గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది, పోతున్నారా, నాతో ఒక్కమాటైనా చెప్పకుండా, కంచంలో చూద్దును కదా ఒక్కో చిప్సూ చపాతీ మందాన, అంచు మాడింది, నడుమ మెత్తగానే ఉంది, నవ్వాగలేదు, కోసే పీట నా దగ్గరే ఉండిపోయిందిగా, చాకుతో కోసుకుంది పిచ్చిది, నోట్లో వేసుకున్నాను, ఉప్పు సరిగ్గా సరిపోయింది, అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

సిరవార ఎంత దూరం, బస్సెక్కితే చేరతాం, అయినా పొద్దున్నే గోడవతల నుంచి దాని గాజుల చప్పుడు వినపడదు, పోపు వేసి తుమ్మే తుమ్ము వినపడదు, కిటికీ దగ్గర చోటు పెట్టుకుని ఈ ఉక్కలో గోడకానించి స్టవ్ పెట్టావేంటే అని మావారు ఎన్నిసార్లడిగారో, గాలికి మంట ఆరిపోద్దండీ అన్నాను, అబద్ధం, ఎనిమిది నెలలూ దాని పక్కనే నిలబడి వండుకున్నాను, మధ్యలో ఇటుకలున్నాయంతే, అది లేకుండా నేనుండలేను, ఇంత చిన్న సంగతి ఒప్పుకోడానికి రెండు వాయలు పాడుచేసుకున్నాను, మంట తగ్గించాను, ఒసే సౌభాగ్యం, అని గోడకేసి అరిచాను, గాజులు ఠక్కున ఆగాయి, నూనె కాగిందే, ఉప్పెంతో నాకు తెలీటంలేదు, వచ్చి చల్లవే, నేను జరుగుతాను.